ఆగిన సమయం ఎవరి లెక్క? – గిరి ప్రదక్షిణ, నా చేతికున్న జీపీఎస్ వాచ్



గిరి ప్రదక్షిణ గురించి వీడియో పెట్టిన ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "అన్నా, ప్రదక్షిణకి స్మార్ట్‌వాచ్ పెట్టుకుని వెళ్లొచ్చా? కిలోమీటర్లు ట్రాక్ చేస్తే పుణ్యం తగ్గుతుందా?" అని. సింహాచలం వెళ్లేవాళ్లు అడుగుతారు, అరుణాచలం గిరివలానికి వెళ్లేవాళ్లు అడుగుతారు, అలిపిరి మెట్లెక్కేవాళ్లూ అడుగుతారు. వీడియోలో ఒకసారి "ఏం పర్లేదు, భక్తి ముఖ్యం" అనేసి దాటేశాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో కెమెరా ముందు చెప్పలేకపోయాను. ఎందుకంటే అందులో మా అమ్మ ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను, తర్వాత ఆలోచిద్దాం.

నాది హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. సొంతూరు విశాఖపట్నం, గోపాలపట్నం దగ్గర. సింహాద్రి అప్పన్న మాకు ఇంటి దేవుడు. నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగిన ఏడాది అమ్మ మొక్కుకుంది, ఓపిక ఉన్నంతకాలం ఏటా గిరి ప్రదక్షిణ చేస్తానని. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను: ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సముద్రం ఒడ్డుకి వచ్చి జోడుగుళ్లపాలెం, అప్పుఘర్. అక్కడ చాలామంది సముద్రస్నానం చేస్తారు. తర్వాత వెంకోజీపాలెం, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్లీ తొలి పావంచాకి చేరుకోవాలి. మొత్తం 32 కిలోమీటర్లు. ఎక్కువమంది చెప్పులు లేకుండానే నడుస్తారు. దారి పొడవునా మజ్జిగ ఇచ్చేవాళ్లు, పులిహోర పెట్టేవాళ్లు, ముక్కూమొహం తెలియని మనిషి కాళ్లకి బామ్ రాసేవాళ్లు. విశాఖలో పుట్టినవాడికి ఆ రాత్రి గురించి ఎంత చెప్పినా తనివి తీరదు, ఆపేస్తున్నాను.

మూడేళ్ల కిందట మొదటిసారి అమ్మతో కలిసి నేనూ బయల్దేరాను. అప్పటికి ఆరు నెలలుగా నా చేతికి జీపీఎస్ వాచ్ ఉంది. కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తడం అలవాటైంది. కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోవడం, రాత్రి పడుకునే ముందు యాప్‌లో మిగతావాళ్లవి చూడటం కూడా అలవాటైంది. 32 కిలోమీటర్లంటే నా జీవితంలో అతి పెద్ద దూరం. తొలి పావంచా దగ్గర అమ్మ కొబ్బరికాయ కొడుతుంటే నేను చేయి పైకెత్తి వాచ్‌కి సిగ్నల్ దొరికిందో లేదో చూసుకుంటున్నాను. అమ్మ కళ్లు మూసుకుని ఏదో అనుకుంటోంది. నేను స్టార్ట్ నొక్కాను. సాయంత్రం నాలుగైంది.

అమ్మకి మోకాలి నొప్పి ఉంది. ప్రతి మూడు నాలుగు కిలోమీటర్లకీ ఎక్కడో అరుగు మీదో, మజ్జిగ పందిరి కిందో కూర్చునేది. ఆమె కూర్చున్న ప్రతిసారీ నేను వాచ్‌లో పాజ్ నొక్కేవాణ్ణి. అది కుయ్ మని ఒకసారి కూసి, చిన్నగా వణుకుతుంది. లేచి నడక మొదలెట్టగానే మళ్లీ నొక్కాలి, మళ్లీ కుయ్ మంటుంది. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. పరుగు అలవాటున్నవాళ్లకి తెలుసు, సిగ్నల్ దగ్గర ఆగినా ఇలాగే నొక్కుతాం.

అప్పుఘర్‌లో స్నానం అయ్యి, వెంకోజీపాలెం దాటాక అమ్మ అడిగింది.

"ఏటి నానా అది? నేను కూకున్నప్పుడల్లా కుయ్ మంటాది?"

"ఏం లేదమ్మా. ఆగిన టైం కలవకుండా ఆపుతున్నా."

"కలిస్తే ఏటవుతాది?"

"యావరేజ్ పడిపోతుంది."

"ఓహో" అంది. అంతే.

ఇంకా సగం దారి ఉంది. ఆ సగం దారిలో అమ్మ దాదాపు కూర్చోలేదు. సీతమ్మధార దగ్గర ఎవరో కుర్చీ వేస్తే "వద్దు బాబూ" అంది. మాధవధార దగ్గర కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి, నేను వాచ్ వైపు చెయ్యి పోనిచ్చేలోపే నడిచేసింది. నాకు ఆశ్చర్యంగానూ, గర్వంగానూ అనిపించింది. అప్పన్న శక్తి ఇస్తున్నాడు అనుకున్నాను. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, కానీ నిజంగా అలాగే అనుకున్నాను. రాత్రి రెండు కావస్తుండగా తొలి పావంచా చేరాం. మొత్తం పట్టిన సమయం 9 గంటల 47 నిమిషాలు. నడిచిన సమయం 8 గంటల 12 నిమిషాలు. దూరం 33.1 కిలోమీటర్లు. అక్కడే మెట్ల మీద కూర్చుని యాప్‌లో పెట్టేశాను, "అమ్మతో, అప్పన్న సన్నిధిలో" అని రాసి. పెద్ద అక్షరాల్లో కనపడింది 8 గంటల 12 నిమిషాలే. పొద్దున్నకి మూడంకెల లైకులు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. పది రోజుల తర్వాత పిన్ని ఫోన్ చేసింది. అమ్మ మోకాలు వాచిపోయి మంచం మీద ఉందని, నీరు తీయించారని, నాకు చెప్పొద్దని అందట. "ఎందుకే అంత మొండిగా నడిచావు, కూర్చుంటూ రావచ్చు కదా" అని పిన్ని తిడితే అమ్మ అన్న మాట ఇది: "నేను కూకుంటే వాడిది పడిపోతాదంట."

ఆమెకి యావరేజ్ అంటే ఏమిటో తెలియదు. "పడిపోతుంది" అన్నది మాత్రం అర్థమైంది.

ఇప్పుడు ప్రశ్న. తప్పు ఎవరిది? తప్పు వాచ్‌ది అనడం చాలా తేలిక. "ఇదంతా పాశ్చాత్య పిచ్చి, మన పెద్దలు లెక్కలు చూసుకోలేదు" అని ఒక మాట అనేస్తే ఈ పోస్టు ఇక్కడితో అయిపోతుంది, కింద చప్పట్ల బొమ్మలు కూడా పడతాయి. కానీ అది అబద్ధం. లెక్క పెట్టడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు. రామకోటి చూడండి. కోటి సార్లు నామం రాయడం, గళ్ల పుస్తకాలు నింపడం, నిండిన పుస్తకాలు మూట కట్టి భద్రాచలం పంపించడం. మీ అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో ఇప్పటికీ ఒక పుస్తకం సగంలో ఉండే ఉంటుంది. హైదరాబాద్ వాళ్లయితే చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లే ఉంటారు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. అక్కడ భక్తుల చేతుల్లో అంకెలు అచ్చేసిన కార్డు ఉంటుంది, ఒక చుట్టు అవగానే పెన్నుతో ఒక అంకె కొట్టేస్తారు. (హుండీయే లేని గుడి అది, ఆ సంగతి వేరే పోస్టులో.) ఆ కార్డుకీ నా వాచ్‌కీ పని ఒకటే. కాబట్టి ట్రాక్ చేస్తే పుణ్యం పోతుందన్నది కుదరదు. పోతే చిలుకూరులో అందరిదీ పోవాలి.

అయితే ఆ పాత లెక్కలకి ఒక పద్ధతి ఉంది. జపమాల తీసుకోండి. 108 పూసలు, పైన మేరుపూస. మేరువుని దాటకూడదు, అక్కడికి వచ్చాక మాలని వెనక్కి తిప్పుకోవాలి. వేలికి పూస తగులుతుంటే మనసు అంకెల పని మానేసి నామం మీద ఉండొచ్చు, అందుకే పూసలు. ఇంకోటి, నియమంగా జపం చేసేవాళ్లు మాలని గోముఖి అనే గుడ్డసంచిలో పెట్టి, చెయ్యి లోపల ఉంచి తిప్పుతారు. పక్కన కూర్చున్నవాడికి ఎన్ని పూసలు అయ్యాయో కనపడదు. లెక్క ఉంది, కానీ ప్రదర్శన లేదు. నా వాచ్‌లోనూ అచ్చంగా అలాంటి ఏర్పాటు ఉంది, "ఓన్లీ మీ" అని. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా ఆ బటన్ నొక్కలేదు నేను.

ఇక్కడ మహాభారతం ఆదిపర్వంలో యయాతి గుర్తొస్తాడు. కొడుకు పూరుడి దగ్గర యౌవనం తీసుకున్న కథ అందరికీ తెలుసు, తర్వాతి కథ తక్కువమంది చెప్పుకుంటారు. యౌవనం తిరిగి ఇచ్చేశాడు, అడవికి వెళ్లాడు, ఘోరమైన తపస్సు చేశాడు, స్వర్గానికి చేరాడు. అక్కడ ఒకరోజు ఇంద్రుడు అడిగాడు, తపస్సులో నీకు సమానులెవరు అని. దేవతల్లో, మనుషుల్లో, గంధర్వుల్లో, మహర్షుల్లో ఎవరూ లేరన్నాడు యయాతి. ఆ ఒక్క మాటతో పుణ్యం క్షీణించి కిందికి పడ్డాడు. ఇందులో నన్ను ఎప్పుడూ పట్టుకునే విషయం ఏమిటంటే, యయాతి అబద్ధం చెప్పలేదు. ఆ తపస్సు నిజంగా చేసిందే. ఇంద్రుడు అడిగిన ప్రశ్న, మన యాప్‌లు రోజూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: ఈ దారిలో నీకంటే వేగంగా వెళ్లినవాళ్లు ఎవరు? దారిలో ఒక ముక్కని పట్టుకుని, దాని మీద ఒకటో స్థానం, రెండో స్థానం అని వరస చూపిస్తాయి. పూర్తిగా నిజమైన అంకెలతోనే చూపిస్తాయి.

కానీ మా అమ్మ విషయంలో జరిగింది గొప్పలు చెప్పుకోవడం కంటే ముందే జరిగింది. నేను ఎవరికీ ఏమీ పోస్టు చెయ్యకపోయినా ఆమె మోకాలు వాచేదే. కాబట్టి "షేర్ చెయ్యకండి" అన్నది కూడా పూర్తి జవాబు కాదు. ఇంకొంచెం లోపలికి వెళ్లాలి.

ఈ పరికరం ఎలా పని చేస్తుందో తెలిస్తే నాకు కొంత స్పష్టత వచ్చింది. చాలామంది అనుకునేది, పైనుంచి ఉపగ్రహం మనల్ని చూస్తోందని. అస్సలు కాదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు చేసేది ఒకటే పని: "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని ఎప్పుడూ చెప్తూ ఉండటం. నా వాచ్ ఆ మాటలు వింటుంది, తిరిగి ఏమీ చెప్పదు. కనీసం నాలుగు ఉపగ్రహాల మాటలు విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, తను ఎక్కడుందో తనే లెక్క కట్టుకుంటుంది. సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పిపోతుంది కాబట్టి ఆ ఉపగ్రహాల్లో అణుగడియారాలు ఉంటాయి. ఐన్‌స్టీన్ చెప్పిన సాపేక్షత వల్ల పైనున్న గడియారం రోజుకి దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకెళ్తుంది, దాన్ని కూడా సరిచేస్తారు. ఎంత అద్భుతం చూడండి. అంత అద్భుతంలోనూ, ఆ ఉపగ్రహానికి నేను ఉన్నానని తెలియదు. మా అమ్మ ఉందనీ తెలియదు. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి వస్తే గీత వంకర్లు పోతుంది. నేను మురిసిపోయిన ఆ అదనపు 1.1 కిలోమీటర్లలో కొంత అలాంటి వంకరే అయ్యుంటుంది. పైన సాక్షి ఉన్నాడన్న భావన మనకి చిన్నప్పటి నుంచీ ఉంది, అందుకేనేమో ఈ యంత్రాన్ని కూడా సాక్షిలాగే నమ్మేస్తాం. అది సాక్షి కాదు. అక్కడ నడిచిన సమయాన్నీ ఆగిన సమయాన్నీ విడదీసింది బటన్ మీద ఉన్న నా వేలు.

అడుగుల లెక్క ఇంకా విచిత్రం. దానికి ఉపగ్రహంతో పనే లేదు, మణికట్టు ఊగడాన్ని బట్టి అడుగు అని ఊహిస్తుంది. అందుకే భజనలో తాళం వేస్తే కూర్చున్న చోటే అడుగులు పెరగొచ్చు. (ఆఫీసులో అడుగుల పోటీ పెట్టినప్పుడు మా టీంలో ఒకడు వాచ్‌ని పిల్లాడి ఉయ్యాలకి కట్టాడు. వాడే గెలిచాడు.) చెయ్యి ఊగకపోతే నడిచినా చాలా అడుగులు లెక్కకి రావు. తోపుడు బండి నెట్టేవాళ్లవి, వీల్‌చెయిర్ తోసేవాళ్లవి, చంటిపిల్లని ఎత్తుకున్నవాళ్లవి. ఆ రాత్రి తర్వాత నేను గ్రాఫ్ తెరిచి చూశాను. ముడసర్లోవ దగ్గర వాన పడి రోడ్డు జారుతుంటే కొంతసేపు అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నడిపించాను. సరిగ్గా అక్కడ అడుగుల గీత కిందికి పడిపోయి ఉంది. మొత్తం రాత్రిలో కొడుకుగా నేను సరిగ్గా చేసిన పని బహుశా అదొక్కటే. లెక్కలో అది గుంతలా కనపడుతోంది.

అయినా వాచ్ మీద కోపం రాలేదు. దానికి అంతకంటే తెలిసే దారి లేదు. నాకు తెలుసు కదా.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో వినాయక చవితి నాడు పూజలో కూర్చున్నప్పుడు తట్టింది. పూజ మొదట్లో సంకల్పం చెప్పిస్తారు కదా, మనం నీళ్లు ముట్టుకుంటూ అర్థం కాక దిక్కులు చూసే భాగం. అందులో ఏముందో ఎప్పుడైనా గమనించారా? ముందు చోటు: ఏ ద్వీపం, ఏ ఖండం, మేరువుకి ఏ దిక్కు, ఏ నదుల మధ్య. తర్వాత కాలం: ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ రుతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారం, ఏ నక్షత్రం. అంటే ఎక్కడున్నాను, ఎప్పుడున్నాను. అచ్చం జీపీఎస్ చెప్పే రెండు సంగతులే! ఆ పూట నాకు నవ్వొచ్చింది, పురోహితుడు గారు కోపంగా చూశారు కూడా. కానీ సంకల్పం అక్కడ ఆగదు. తర్వాత గోత్రం, పేరు. ఆ తర్వాత కుటుంబంతో సహా అన్న మాట. ఆ తర్వాత, ఎందుకోసం చేస్తున్నాను. ఎవరి క్షేమం కోసం. అదంతా చెప్పాకే పని మొదలు.

తొలి పావంచా దగ్గర అమ్మ కళ్లు మూసుకుని అనుకున్నది ఆ రెండో సగం. నేను స్టార్ట్ నొక్కింది మొదటి సగం మాత్రమే. ఒకే దారిలో, ఒకే అడుగుల్లో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నాయి. ఆమె నాన్న కోసం నడుస్తోంది. నేను దాన్ని నా పరుగుగా మార్చేశాను. ఆమె మొక్కులో కూర్చోవడం కూడా భాగమే. ఆ అరుగు మీద మజ్జిగ తాగడం, పక్కన కూర్చున్న ముసలావిడతో "మీదేవూరమ్మా" అని మాట కలపడం, కాళ్లు నొక్కుకుంటూ కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకోవడం, ఇదంతా ప్రదక్షిణే. ఆగిన ఆ గంటా ముప్పై అయిదు నిమిషాలూ నా లెక్కలో వృథా. ఇతరుల పనిని నా కొలతతో కొలవడానికి నాకేం హక్కుంది? ఇదే నేను అడగదలుచుకున్న ప్రశ్న, వాచ్ పెట్టుకోవచ్చా అన్నది కాదు. ఇది కేవలం ప్రదక్షిణకి సంబంధించింది కూడా కాదు. నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్లి ఫోన్లో టైం చూసుకునేటప్పుడు, పిల్లాడు చీమని చూస్తూ రోడ్డు మీద ఆగిపోతే చెయ్యి పట్టి లాగేటప్పుడు మనం నొక్కేది ఆ పాజ్ బటనే.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఈ వాచ్ నాకు మేలు చేసింది. రోజంతా కుర్చీలో ఉండే మనిషిని లేపి నడిపించింది. శరీరం బాగుంటేనే ధర్మం నిలబడుతుందని మన పెద్దలు చెప్పిందే. రోజుకి పదివేల అడుగులన్న లక్ష్యం ఏ శాస్త్రంలోంచీ రాలేదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరుకి మాన్‌పోకెయ్ అని పేరు పెట్టింది, అంటే పదివేల అడుగుల మీటరు. అక్కణ్ణుంచి ఆ అంకె లోకమంతా పాకింది. పేరు కోసం పెట్టిన అంకె అయితే ఏం, నన్ను సోఫాలోంచి లేపింది. నాన్నగారికి ఆపరేషన్ తర్వాత డాక్టరు నడవమంటే, ఆయన చేతికి చిన్న బ్యాండు కట్టింది నేనే. ఆయన రోజూ సాయంత్రం "నాలుగు వేల ఎనిమిది వందలు" అని ఫోన్ చేసి చెప్తారు. ఆ అంకె వినడం నాకు దైవదర్శనం లాంటిదే. కాబట్టి వాచ్ తీసి సముద్రంలో పడెయ్యమని చెప్పను. నేనూ పడెయ్యలేదు.

పనిలో పనిగా ఒక జాగ్రత్త, ముఖ్యంగా చెల్లెళ్లకి. మీ నడక ఇంటి గుమ్మం దగ్గర మొదలై ఇంటి గుమ్మం దగ్గర ముగుస్తుంది. దాన్ని అందరికీ కనపడేలా పెడితే మీ ఇల్లు, మీరు బయటికొచ్చే సమయం అందరికీ చెప్పినట్టే. స్ట్రావా యాప్ వాళ్లు ప్రపంచమంతా జనం పరిగెత్తిన దారులు ఒక మ్యాపులో వేస్తే, 2018 జనవరిలో అందులో సైనిక స్థావరాల ఆనవాళ్లు బయటపడి పెద్ద గొడవైంది. సైనికుల సంగతే అలా ఉంటే మన సంగతి చెప్పాలా? ఇంటి చుట్టుపక్కల భాగం దాచే సెట్టింగు ఉంటుంది, వెతికి పెట్టుకోండి. నేను ఆ రాత్రి పెట్టిన పోస్టులో అమ్మావాళ్ల వీధి కూడా కనపడింది. ఆమెని అడగకుండానే.

ఆ పోస్టు తీసేద్దామనుకున్నాను. తీసెయ్యలేదు. ఎడిట్ చేసి పైన పెద్దగా 9 గంటల 47 నిమిషాలు అని రాశాను. ఎవరూ గమనించలేదు.

అమ్మకి క్షమాపణ చెప్పడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. దీపావళికి ఇంటికి వెళ్లినప్పుడు వంటింట్లో నిలబడి చెప్పాను. ఆమె బూరెలు వేస్తోంది. "ఏటంటున్నావో నాకు తెల్దు. పిండి ఇలా ఇయ్యి" అంది.

మరుసటి ఏడాది ఆమె నడవలేదు, కొండపైన గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి వచ్చింది. పోయినేడాది మళ్లీ పట్టుబట్టింది. మొత్తం వద్దు, హనుమంతవాక నుంచి అప్పుఘర్ వరకూ నడుస్తానంది. మొక్కు అలా ముక్కలు చేసుకోవచ్చా అని పిన్ని అడిగితే, "అప్పన్నకి తెలీదేటి నా మోకాలి సంగతి" అంది. వాచ్ చేతికే ఉంది కానీ స్టార్ట్ నొక్కలేదు. ఆరుసార్లు కూర్చున్నాం. ఒకచోట ఎవరో కుర్రాడు ఆమె పాదాలకి బామ్ రాస్తుంటే సిగ్గుపడిపోయి కాళ్లు వెనక్కి లాక్కుంది. ఇంకోచోట పైనాపిల్ ముక్కలు కొనుక్కుని ఉప్పూకారం ఎక్కువైందని అమ్మేవాడితో గొడవ పెట్టుకుంది. అప్పుఘర్ చేరేసరికి చీకటి పడింది. ఇసుకలో కూర్చుని కాళ్లు బారజాపుకుని, సముద్రం వైపు చూస్తూ అడిగింది.

"ఎంత నడిచాం నానా?"

"తెలీదమ్మా. ఈసారి పెట్టలేదు."

నా వైపు తిరిగి చూసింది. "అయ్యో, పెట్టాల్సింది కదరా! మీ పిన్నికి చెప్పేదాన్ని."

ఏమనాలో తెలియలేదు. కొంచెం సేపయ్యాక ఆమే అంది, "రోడ్డు మీద ఏదైనా బోర్డు ఉంటాదేమో, హనుమంతవాక ఎంత దూరమో సూసి రా." లేచి, ఇసుక దులుపుకుని, రోడ్డు మీదికి వెళ్లి చూశాను. జనంలో ఏ బోర్డూ కనపడలేదు.